‘సెడ్’ బదులు ‘అడ్మిటెడ్’ రాయడం స్టైలు కాదు

ఇంగ్లిష్ సూత్రాలు నేర్పే ఫార్వర్డ్ మెసేజ్ ఒకటి ఈ నెలలో నాకు ఐదుసార్లు వచ్చింది. మొదట మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, తర్వాత మా బావగారి నుంచి, ఆపైన అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు. నిన్న నా దగ్గర చదువుకున్న అమ్మాయే "మేడమ్, చాలా యూజ్‌ఫుల్" అని పంపింది. ఇక ఊరుకోలేకపోయాను.

"ఇంగ్లిష్‌లో ఇతరుల మాట చెప్పడానికి బంగారు సూత్రాలు" అని దాని పేరు. దట్ లేని వాక్యం తప్పట. సెడ్ తర్వాత అంతా పాస్ట్ టెన్సేనట. విల్ అంటే పొగరు, వుడ్ అంటే మర్యాద అట. మస్ట్, షుడ్ రెండూ ఒకటేనట. చివర్లో, టోల్డ్ పక్కన మనిషి ఉండాలట. అన్నిటికంటే ఘోరమైనది ఐదోది: "ఎప్పుడూ సెడ్ అనే రాస్తే చిన్నపిల్లల ఇంగ్లిష్ అనిపిస్తుంది. క్లెయిమ్డ్, అడ్మిటెడ్, రివీల్డ్, కన్ఫర్మ్డ్, రెఫ్యూటెడ్, అన్నిటికీ అర్థం ఒకటే, మార్చి మార్చి వాడండి."

చిన్నవి ముందు తేల్చేస్తాను.

"ఐ థింక్ హి ఈజ్ రైట్" అనే వాక్యంలో దట్ లేదు. అది తప్పయితే ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లంతా రోజూ తప్పు మాట్లాడుతున్నట్టే. థింక్, నో, సే లాంటి వాడుక క్రియల తర్వాత దట్ ఉన్నా సరే, లేకపోయినా సరే. మనకెందుకు తప్పనిపిస్తుందంటే, తెలుగులో ‘అని’ని తీసేస్తే వాక్యం నిలబడదు. "వస్తాను చెప్పాడు" అని ఎవరూ అనరు. ఆ ‘అని’ని తీసుకెళ్లి ఇంగ్లిష్ మీద రుద్దితే సూత్రం అయిపోదు.

టెన్స్ సంగతి. సెడ్ వచ్చిందని తర్వాతదంతా వెనక్కి లాగక్కర్లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం లాంటి నిత్యసత్యాలకే మినహాయింపు అని బళ్లో చెప్పారు గానీ, ఆమె ఇప్పటికీ వరంగల్‌లోనే ఉంటే "షి సెడ్ షి లివ్స్ ఇన్ వరంగల్" అన్నా తప్పు లేదు. దీని మీద ఇంతకంటే సమయం వద్దు.

వుడ్ మర్యాద అనేదాన్ని మాత్రం అంత తేలిగ్గా వదల్లేను. "ఐ వుడ్ బి ఆన్ లీవ్ టుమారో" అని రాసే ఉత్తరాలు రోజూ చూస్తున్నాను. చదివేవాడు "ఏమైతే?" అని ఎదురుచూస్తాడు. ఆ ‘అయితే’ ఎక్కడా రాదు. రేపు సెలవు ఖాయమైతే విల్ అనే రాయాలి. అందులో పొగరేమీ లేదు. మన భాషలో గౌరవం క్రియ చివరే కూర్చుంటుంది: రండి, చెప్పండి, వస్తారు. అలాంటి అతుకు ఇంగ్లిష్‌లో ఎక్కడుందా అని వెతికి వుడ్‌ని పట్టుకున్నాం. ఎదుటివాళ్లని ఏదైనా అడిగేటప్పుడు "వుడ్ యు", "కుడ్ యు" మర్యాదే. మన సంగతి మనం చెప్పేటప్పుడు అదే వుడ్ అనుమానం పుట్టిస్తుంది.

ఇక "మస్ట్ అండ్ షుడ్". ఈ జంట మన తెలుగువాళ్ల నోట్లో ఎంత పాతుకుపోయిందంటే "మస్ట్ అండ్ షుడ్‌గా రావాలి" అని శుభలేఖ ఇస్తూ కూడా చెబుతాం. మాటల్లో చెప్పుకోండి, అది మన తెలుగు. కానీ రాసేటప్పుడు రెండూ ఒకటే అనుకుంటే ముప్పు. ఈ ఫార్వర్డ్ పంపినవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక పత్రం పెట్టుకుని ఈ మాటలకు అర్థాలు బిగించారు. మస్ట్ అంటే తప్పించుకోవడానికి వీల్లేదు. షుడ్ అంటే పాటించాలి, కానీ సరైన కారణం ఉంటే, పర్యవసానం ఆలోచించుకుని, పక్కన పెట్టొచ్చు. మే అంటే నీ ఇష్టం. మీరు రోజూ పనిచేసే ప్రోటోకాల్స్ ఈ తేడా మీదే రాసుకున్నవి, మీరే రెండూ ఒకటే అని ఫార్వర్డ్ చేస్తే ఎలా?

ఇప్పుడు ఐదో సూత్రం. నన్ను రాయడానికి కూర్చోబెట్టింది ఇదే.

తెలుగులో ఆలోచించండి. "డబ్బు తీసుకోలేదని అన్నాడు", "డబ్బు తీసుకోలేదని బుకాయించాడు". జరిగింది ఒకటే, వాడు నోరు తెరిచి చెప్పింది ఒకటే. రెండో వాక్యంలో వాడు దొంగ అయిపోయాడు. ఎవరు చేశారు? రాసినవాడు. "అక్కడికి వెళ్లానని చెప్పాడు", "అక్కడికి వెళ్లానని ఒప్పుకున్నాడు" మధ్య కూడా అంతే. అన్నాడు, ఒప్పుకున్నాడు, వాపోయాడు, దబాయించాడు, బుకాయించాడు... వీటిలో ఒకదాని బదులు ఇంకోటి పెట్టి "అర్థం ఒకటే" అని మీ అమ్మమ్మ ముందు అనగలరా? ఇంగ్లిష్‌లో మాత్రం అన్నీ ఒకటే ఎలా అయిపోయాయి?

అడ్మిటెడ్ అనగానే తప్పో, దాచిన సంగతో ఉందని అర్థం. క్లెయిమ్డ్ అంటే "అతను అంటున్నాడు గానీ నేను పూచీ పడను" అని. కన్ఫర్మ్డ్ అంటే ముందు నుంచీ అనుకుంటున్నది నిజమని తేల్చాడని. రివీల్డ్ అంటే ఇంతకాలం మరుగున ఉన్న నిజం బయటపెట్టాడని. రెఫ్యూటెడ్ అంటే ఊరికే కాదనడం కాదు, తప్పని నిరూపించడం. కాదన్నాడు అనడానికి డినైడ్ ఉంది. ఇది నా సొంత గోల కూడా కాదు. 1970లో భాషాశాస్త్రవేత్తలు పాల్ కిపార్‌స్కీ, కారల్ కిపార్‌స్కీ ‘ఫ్యాక్ట్’ అనే వ్యాసంలో ఈ సంగతే పట్టుకున్నారు: రిగ్రెట్ (విచారించడం) లాంటి మాట వాడితే దాని వెనక దట్‌తో వచ్చేది నిజమని ముందే ఒప్పుకున్నట్టు, క్లెయిమ్, అలెజ్ (ఆరోపించడం) లాంటివి వాడితే అలా ఒప్పుకున్నట్టు కాదు.

నాకు ఇంత కోపం ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక కాలేజీ హాస్టల్లో ల్యాప్‌టాప్ పోయింది. పేరు చెప్పను. సెకండియర్ కుర్రాడొకడు తనంతట తానే వచ్చి "సాయంత్రం చార్జర్ కోసం ఆ గదికి వెళ్లాను సార్, అప్పుడు ల్యాప్‌టాప్ టేబుల్ మీదే ఉంది" అని చెప్పాడు. సాయం చేద్దామని చెప్పిన మాట అది. విచారణ నివేదికలో "ది స్టూడెంట్ అడ్మిటెడ్ దట్ హి హ్యాడ్ ఎంటర్డ్ ది రూమ్" అని వచ్చింది. ల్యాప్‌టాప్ టేబుల్ మీద ఉందన్న మాటకు "క్లెయిమ్డ్" తగిలించారు. రాసినాయనకు ఆ పిల్లాడి మీద పగేమీ లేదు. "సెడ్, సెడ్ అని ఎన్నిసార్లు రాస్తాం మేడమ్" అన్నాడు. ఆ కాగితం చదివిన ముగ్గురూ ఆ కుర్రాణ్ని చూడకుండానే ఒక అభిప్రాయానికి వచ్చేశారు. ల్యాప్‌టాప్ తర్వాత వేరేచోట దొరికింది. అప్పటికే వాళ్ల నాన్న ఊరి నుంచి రెండుసార్లు వచ్చి, ఆఫీసు గది బయట చేతులు కట్టుకుని నిలబడి వెళ్లాడు.

ఒకరు ‘ఒప్పుకున్నాడు’ అని ఇంకొకరు రాసే మాటను చట్టం కూడా ఊరికే నమ్మదు. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా, దాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా ఆ నియమాన్ని ఉంచింది. బలవంతపు ఒప్పుకోళ్ల భయమే దానికి అసలు కారణం. మీరేమో వాక్యం అందంగా ఉండాలని ఒప్పుకోళ్లు పుట్టించమంటున్నారు. ఆస్పత్రి కాగితంలో "నొప్పి ఉందని క్లెయిమ్ చేసింది" అని రాస్తే, తర్వాతి డాక్టరు ఆమె నొప్పిని ఎంత నమ్ముతాడో ఒక్క నిమిషం ఆలోచించండి.

అలెజ్డ్ మాత్రం వేరు. కోర్టు తేల్చని నేరం గురించి రాసేటప్పుడు అది అవమానం కాదు, జాగ్రత్త. అక్కడ సెడ్ చాలదు. కానీ అది కూడా తెలిసి ఎంచుకోవాల్సిన మాటే, వరసలో దాని వంతు వచ్చిందని వేసేది కాదు. ఏది వాడాలో తేలకపోతే సెడ్ వాడండి. ఒక పేజీలో ఇరవైసార్లు వచ్చినా ఎవరికీ నష్టం లేదు.

ఇంత తిట్టాక రెండు విషయాలు ఒప్పుకోవాలి. దట్ తప్పనిసరి అనడం తప్పే గానీ, రాసేటప్పుడు పెట్టడం మంచి అలవాటే. "హి సెడ్ యెస్టర్‌డే ది ఆఫీస్ వాజ్ క్లోజ్డ్" అంటే నిన్న చెప్పాడా, నిన్న మూసేశారా? యెస్టర్‌డేకి ముందో వెనకో ఒక దట్ పెడితే తగవు తీరిపోతుంది. ఆ చివరి సూత్రం పూర్తిగా సరైనది. "హి టోల్డ్ దట్" అనడం మన ‘చెప్పాడు’ నుంచి వచ్చిన పొరపాటు. ఎవరికి చెప్పాడో టోల్డ్ పక్కన ఉండాలి: "హి టోల్డ్ మి దట్". నా క్లాసులో ఏడాదంతా చెప్పినా సగం మందికి ఎక్కనిది, ఆ మెసేజ్ ఒక్క లైన్లో చెప్పింది. ఆ లైను ఒక్కటీ ఉంచి మిగతాది చెరిపి పంపండి, నేనే మా స్టాఫ్ గ్రూపులో పెడతాను.