అందరూ ఒక్కటై నిలబడ్డారట!

ఇందాక ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయ్ ఓ ఫార్వర్డ్ పెట్టాడు. కరోనా కష్టకాలంలో నాయకులంతా పార్టీలు మరిచి జనం కోసం నిలబడ్డారట! కింద వరసగా దండాలు. టీ తాగుతున్నానా, పొలమారింది.

ఎక్కడ నిలబడ్డారు బాబాయ్? బెంగళూరు రిసార్టులోనా?

మధ్యప్రదేశ్ అప్పుడే మర్చిపోయారా? 2020 మార్చిలో అక్కడి కాంగ్రెస్ నాయకుడు జ్యోతిరాదిత్య సింధియా బీజేపీలోకి మారితే, ఆయన వెనకే 22 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు, ఎక్కువమంది ఆ బెంగళూరు రిసార్టులో కూర్చునే. అందులో తులసీ సిలావట్ ఒకడు. ఏ శాఖ మంత్రో తెలుసా? ఆరోగ్యం! ఇల్లు అంటుకోబోతుంటే బిందె పట్టుకున్నవాడే గోడ దూకాడు.

పోనీ అక్కడి కాంగ్రెస్ ముఖ్యమంత్రి కమల్‌నాథ్ ప్రభుత్వం తక్కువ తిందా? బలం చూపించమంటే కరోనా గుర్తొచ్చింది. మార్చి 16న సభని 26 దాకా వాయిదా వేసేశారు. అప్పటికి ఆ రాష్ట్రంలో ఒక్క కేసూ బయటపడలేదు. సుప్రీంకోర్టు కదిపాక 20న రాజీనామా, పదిహేను నెలలకే దుకాణం బంద్. జబల్‌పూర్‌లో తొలి కేసులు తేలిందీ ఆ రోజే. కరోనా టైముకే వచ్చింది, పాపం. వీళ్లే ఖాళీగా లేరు.

తర్వాతాయన ఇంకో రకం. 23 రాత్రి ముఖ్యమంత్రిగా బీజేపీ శివరాజ్ ప్రమాణం, మర్నాడు దేశమంతా లాక్‌డౌన్ ప్రకటన. ఏప్రిల్ 21 దాకా మంత్రివర్గం మొత్తం ఆయనొక్కడే! ఇండోర్ అల్లాడిపోతుంటే ఆరోగ్య మంత్రే లేడు. చివరికి ఐదుగురు మంత్రులొస్తే అందులో మళ్లీ సిలావట్. ఎమ్మెల్యే కూడా కాదప్పటికి. ఈసారి జలవనరులు.

మనం మాత్రం? 1984లో ఎన్టీఆర్‌ని దించి సీఎం అయిన నాదెండ్ల నెల రోజుల ముచ్చట చూసినవాళ్లం, క్యాంపు రాజకీయాలు మనకి కొత్తా?

అసలు నా మంట అది కాదు. ఆ లాక్‌డౌన్‌లోనే మా మామ్మ పోయింది. ఇరవై మంది దాటకూడదని గేటు దగ్గర కానిస్టేబుల్ వేలితో లెక్కపెట్టాడు. ఇరవై ఒకటోవాడు మా చిన్నత్త కొడుకు. మామ్మ చేత్తో పెరిగినవాడు. గోడ అవతల చెప్పులు విప్పి, ఎండలో అలాగే నిలబడ్డాడు. నిలబడడమంటే అదీ, బాబాయ్.

ఆ ఏడాది నవంబర్‌లోనే మధ్యప్రదేశ్‌లో 28 సీట్లకి ఉప ఎన్నికలు. దూకినవాళ్ల కోసం ఊరూరా సభలు. అక్కడెవడూ వేలితో లెక్కపెట్టలేదు. సిలావట్ గెలిచాడు కూడా.

ఇదంతా గ్రూపులో పెట్టాను. బాబాయ్ 'శుభరాత్రి' అని గులాబీ పువ్వు పంపాడు. సాయంత్రం ఐదింటికి.