నిర్దోషిగా బయటపడ్డాడు, 4.3 కోట్ల డాలర్లు బాకీ పడ్డాడు

1984 డిసెంబరు 22న న్యూయార్క్ సబ్‌వే రైల్లో నలుగురు నల్లజాతి కుర్రాళ్లలో ఒకడు బెర్నార్డ్ గోట్జ్‌ను ఐదు డాలర్లు అడిగాడు. దోచుకోబోతున్నారని భయపడ్డానన్న గోట్జ్, లైసెన్సు లేని రివాల్వరు తీసి నలుగురినీ కాల్చాడు. ఎవరూ చనిపోలేదు. కానీ 19 ఏళ్ల కుర్రాడొకడికి వెన్నుపాము తెగి, జీవితమంతా చక్రాల కుర్చీయే గతి అయింది.

1987లో మన్‌హాటన్ జ్యూరీ, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, ఆత్మరక్షణ వాదనను ఒప్పుకుని హత్యాయత్నం కేసు కొట్టేసింది. తుపాకీ లైసెన్సు లేనందుకు మాత్రం శిక్ష పడింది. 1996లో అదే కాల్పులపై, చక్రాల కుర్చీకి పరిమితమైన ఆ కుర్రాడి తరఫు దావాలో, న్యూయార్క్‌లోనే ఉన్న బ్రాంక్స్‌లోని సివిల్ జ్యూరీ 1.8 కోట్ల డాలర్ల నష్టపరిహారం, దానిపైన శిక్షగా మరో 2.5 కోట్లు కట్టమంది. గోట్జ్ దివాలా పిటిషన్ వేశాడు. ఈ బాకీ దివాలాతో తీరేది కాదని కోర్టు తేల్చేసింది.

కోర్టు వదిలేసిన మనిషిని మళ్లీ కోర్టుకు లాగడమేమిటి అని చాలామందికి అనిపిస్తుంది. నాకైతే ఇందులో అన్యాయం కనబడదు. మనిషిని జైల్లో పెట్టాలంటే సందేహానికి తావుండకూడదు. కుర్చీకే పరిమితమైన కుర్రాడి ఖర్చు ఎవరు భరించాలో తేల్చడానికి సాక్ష్యం ఎటు మొగ్గుతోందో చూస్తే చాలు. పైగా క్రిమినల్ విచారణలో గోట్జ్ బోనెక్కలేదు, పోలీసులకిచ్చిన వాంగ్మూలం టేపులే జ్యూరీ విన్నది. "నువ్వు బాగానే ఉన్నట్టున్నావ్, ఇదిగో ఇంకోటి" అని మళ్లీ కాల్చినట్టు అతనే అందులో చెప్పాడు. సివిల్ కోర్టులో మాత్రం బాధితుడి లాయరు ప్రశ్నలకు స్వయంగా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. జ్యూరీ కూడా మారిందనుకోండి: మొదటిదాంట్లో తెల్లవారే ఎక్కువ, రెండోదాంట్లో ఒక్కరూ లేరు. ఆ సంగతి దాటవేయలేం. ఆ 2.5 కోట్ల దగ్గర నాకూ ఇబ్బందే. శిక్ష వేయడానికి క్రిమినల్ కోర్టు నిరాకరించాక, సివిల్ కోర్టు దాన్ని డబ్బు రూపంలో వేయడం సబబు కాదు.

ఫ్లోరిడా 2005లో దీనికి పూర్తి ఎదురు దారి పట్టింది. అక్కడ ఆత్మరక్షణ చట్టబద్ధమని తేలితే క్రిమినల్ కేసే కాదు, సివిల్ దావా కూడా నడవదు.

మన దేశంలో భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ప్రకారం ఆత్మరక్షణలో చేసింది నేరం కాదు. నేరం రుజువైతే దోషి నుంచి బాధితులకు కోర్టు డబ్బు ఇప్పించగలదు. కేసు కొట్టేస్తే సర్కారు పథకం కింద పరిహారానికి సిఫార్సు చేయగలదు, అది ఖజానా సొమ్ము. కాల్చినవాడి నుంచో నరికినవాడి నుంచో రాబట్టాలంటే సివిల్ దావానే దిక్కు. క్రిమినల్ తీర్పు సివిల్ జడ్జిని కట్టిపడేయదు కాబట్టి ఆ దారి కాగితం మీద తెరిచే ఉంది.

చిక్కంతా గడువుతోనే. మనిషి చనిపోతే 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రుల తరఫున దావా వేయవచ్చు, కానీ మరణించిన రోజు నుంచి రెండేళ్లలోపే వేయాలి. మన సెషన్స్ కోర్టుల్లో ఎన్ని హత్య కేసులు రెండేళ్లలో తేలుతున్నాయి? కేసు తేలనివ్వండి, తర్వాత చూద్దాం అన్న ప్లీడరు మాట నమ్మిన కుటుంబానికి తీర్పు నాటికి ఆ హక్కు ఉండదు. ఆ రెండేళ్లనూ క్రిమినల్ తీర్పు వచ్చిన తేదీ నుంచి లెక్కించేలా, దావాలకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టాన్ని పార్లమెంటు సవరించాలి. అంతవరకు తీర్పు కోసం ఆగకుండా ముందే దావా వేయడం తప్ప బాధిత కుటుంబాలకు వేరే మార్గం లేదు.