నర్సాపురం లేసుకి జీఐ వచ్చింది, అల్లే ఆడవాళ్లకి ఏమొచ్చింది?

2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకే అని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చినప్పుడు గోదావరి జిల్లాల వాళ్లం తెగ సంబరపడ్డాం, ఫోటోలు షేర్ చేసుకున్నాం. సంబరపడాల్సిన విషయమే. పశ్చిమ గోదావరి, కోనసీమ రెండు జిల్లాల్లో 19 మండలాల్లో 15 వేల మందికి పైగా ఆడవాళ్లు చేసే పని అది, తరాల తర్వాత దానికంటూ చట్టంలో ఒక పేరు దొరికింది. కానీ ఆ పేరు వల్ల ఒక పువ్వు అల్లితే చేతికొచ్చే రేటు ఎంత పెరిగింది అనేది మాత్రం ఎవరూ అడగట్లేదు. నా దృష్టిలో అసలు అడగాల్సింది అదొక్కటే.

ఈ పని ఎలా నడుస్తుందో తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, డిజైన్ చూపిస్తాడు, రేటు చెప్తాడు. పొద్దున్నుంచి ఇంటి పనంతా అయ్యి, మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు కడిగేశాక అరుగు మీదో గుమ్మంలోనో కూర్చుని ఆ సన్నటి కొక్కెం సూదితో మొదలుపెడితే లైటు వేసేదాకా అల్లుతూనే ఉంటారు. తెల్లదారం కదా, చెమట చేతికి మాసిపోతుంది, అందుకని ఒళ్లో గుడ్డ వేసుకుని మాటిమాటికీ చేతులు తుడుచుకుంటారు, మరక పడితే ఆ ముక్కకి రేటు తగ్గిపోతుంది మరి. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె అతుకుపని చేసి వాటిని కలుపుతుంది, అలా అలా అది టేబుల్ క్లాతో కుషన్ కవరో అయ్యేసరికి ఎన్ని చేతులు మారిందో, ఏ దేశం వెళ్లిందో, అక్కడ ఎంతకి అమ్మారో మొదటి పువ్వు అల్లినామెకి తెలిసే దారే లేదు. కూలి గంటకి ఇంత అని ఉండదు, ముక్కకి ఇంత అని ఉంటుంది, ఆ ముక్కకి ఎంతసేపు పట్టిందన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు ఇక్కడికొచ్చి స్టడీ చేసింది. ఆవిడ తేల్చి చెప్పిందేంటంటే ఈ ఆడవాళ్లని ఎవరూ కార్మికులుగా చూడట్లేదు, ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులు టైంపాస్‌కి చేసుకునే పనిగా చూస్తున్నారు, అలా చూడటం వల్లే ఇంత తక్కువ కూలికి సరుకు ఎగుమతి చేయడం కుదురుతోంది అని. నలభై ఏళ్లు దాటిపోయింది. ఇప్పటికీ "ఖాళీ టైంలో నాలుగు డబ్బులు" అన్న మాటే వింటాం, ఆఫీసర్ల నోట, నాయకుల నోట, ఒక్కోసారి ఆ ఇంట్లో మగవాళ్ల నోట కూడా. నాకు ఈ మాట వింటే నిజంగా కోపం వస్తుంది. కళ్లు లాగేదాకా, మెడ పట్టేసేదాకా చేసేది ఖాళీ టైం పని ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. మన దగ్గరికి లేసు తెచ్చింది 19వ శతాబ్దపు మిషనరీలు, అందులో స్కాట్లాండ్ నుంచి వచ్చిన దంపతులు ఉన్నారని చెప్తారు. సరిగ్గా ఆ కాలంలోనే, 1840ల్లో, స్కాట్లాండ్ పడమటి చివర ఔటర్ హెబ్రిడీస్ అనే దీవుల్లో రైతులు ఇళ్లల్లో నేసుకునే ముతక ఉన్ని బట్టని లేడీ డన్‌మోర్ అనే జమీందారిణి లండన్ పెద్దింటి వాళ్లకి పరిచయం చేసింది. అదే హ్యారిస్ ట్వీడ్. రెండూ పేద పల్లెల్లో ఇంటి దగ్గర చేసే పనులే, రెండూ బయటి మార్కెట్టు మీద బతికేవే. ఆ తర్వాత దారులు వేరైపోయాయి.

వాళ్లు ఏం చేశారంటే ముందు 1909లోనే ఒక సంఘం పెట్టుకుని గోళం గుర్తు ముద్ర రిజిస్టర్ చేయించుకున్నారు. అసలు హ్యారిస్ ట్వీడ్ అంటే ఏది అని గొడవలొచ్చి కోర్టుకెళ్లారు, 1964లో తీర్పొచ్చింది. చివరికి 1993లో బ్రిటిష్ పార్లమెంటు దీనికోసమే ఒక చట్టం చేసింది. అందులో ఉన్నది చాలా సింపుల్. ఉన్ని ఆ దీవుల్లోనే రంగు వేయాలి, అక్కడే వడకాలి, ఆ దీవుల వాళ్లు తమ ఇళ్ల దగ్గర చేత్తోనే నేయాలి, ఫినిషింగ్ కూడా అక్కడే జరగాలి. బట్ట చెక్ చేశాకే ముద్ర పడుతుంది. మిల్లు వాళ్లే నూలు ఇంటికి తెచ్చి ఇచ్చి, నేసిన బట్ట ఇంటి నుంచే తీసుకెళ్తారు. గమనించండి, "ఇంటి దగ్గర" అన్న ముక్క చట్టంలోనే ఉంది. ఇంట్లో పని అంటే మనకి చులకన, వాళ్లకి అదే ఆ సరుకుకున్న విలువ, ఆ పనిని ఫ్యాక్టరీకి తరలించడానికి ఎవరికీ వీల్లేకుండా చేసింది కూడా అదే.

అలాగని అక్కడంతా స్వర్గం అనట్లేదు. నేతగాళ్లకి అక్కడా నెల జీతం లేదు, నేసినదానికే డబ్బు. 1966లో 76 లక్షల గజాల దాకా వెళ్లిన ఉత్పత్తి తర్వాత దారుణంగా పడిపోయింది. 2000ల మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది, ఆ దీవుల్లోని స్టోర్నవే అనే ఊళ్లో ఉన్న పెద్ద మిల్లుని బ్రయన్ హ్యాగస్ అనే వ్యాపారి కొనేసి వేల డిజైన్లని నాలుగుకి కుదించేశాడు, ఆ మిల్లు మీద ఆధారపడిన నేతగాళ్లకి పని లేకుండా పోయింది. చట్టం ఉంది, ముద్ర ఉంది, కానీ కొనేవాడు ఒక్కడే అయిపోతే ఏం జరుగుతుందో దానివల్ల తెలిసింది. షాబోస్ట్ అనే ఊళ్లో మూతపడ్డ మిల్లుని వేరే వాళ్లు తీసుకుని 2007లో మళ్లీ నడపబట్టి కోలుకున్నారు గానీ లేకపోతే కథ వేరేలా ఉండేది.

మన లేసుకి వద్దాం. పేరు వచ్చింది, ఆ పేరు వెనక యంత్రాంగం రాలేదు. జీఐ అప్లికేషన్‌లో తనిఖీ ఏర్పాటు ఉంటే రాయమంటుంది మన చట్టం, ఉండి తీరాలని పట్టుబట్టదు. మిషన్ లేసు పక్కన మన చేతి లేసు పెడితే ఢిల్లీలో కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? ఇంకోటి, జీఐ పేరు వాడుకోవాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గా రిజిస్టర్ అవ్వాలి. 2020లో ఫీజు 500 నుంచి 10 రూపాయలకి తగ్గించారు, మంచి పనే. కానీ 10 రూపాయలు కట్టగలిగినా ఆ ఫారం నింపేదెవరు, లంక గ్రామంలో ఉండే ఆమె దాన్ని పట్టుకుని ఎక్కడ తిరుగుతుంది? డ్వాక్రా సంఘాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి, ఊరికో సచివాలయం ఉంది, వరదొస్తే ఇంటింటికీ వెళ్లి లిస్టులు రాయగలిగిన వ్యవస్థకి ఈ రిజిస్ట్రేషన్ ఒక నెల పని.

స్కీములు లేవా అంటే ఉన్నాయి. 2023 సెప్టెంబర్‌లో చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్రం పీఎం విశ్వకర్మ మొదలుపెట్టింది, 15 వేల టూల్‌కిట్, ముందు లక్ష తర్వాత 2 లక్షలు 5 శాతం వడ్డీకి లోను. అందులో 18 వృత్తుల లిస్టు చూడండి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, వలలు అల్లేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు అందరూ ఉన్నారు, లేసు అల్లేవాళ్ల పేరు లేదు. పోనీ ఆన్‌లైన్‌లో సొంతంగా అమ్ముకోమంటారు. 2023 అక్టోబర్ నుంచి చిన్న అమ్మకందార్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ఈ-కామర్స్ సైట్లలో అమ్మొచ్చు అన్నారు గానీ సొంత రాష్ట్రం లోపలే. నర్సాపురం టేబుల్ క్లాతు కొనేది నర్సాపురం వాళ్లు కాదు కదా, హైదరాబాద్ వాళ్లు కొంటారు, బెంగళూరు వాళ్లు కొంటారు. ఆ సైట్లలో రాష్ట్రం దాటి అమ్మాలంటే రిజిస్ట్రేషన్, రిటర్నులు, అకౌంటెంటు ఫీజు. నెలకి నాలుగు పీసులు అమ్ముకునే ఆమె ఇవన్నీ మోయలేదు, మళ్లీ ఏజెంటు దగ్గరికే వెళ్తుంది.

ఏజెంట్లందర్నీ విలన్లు చేయడం నా ఉద్దేశం కాదు. దారం అప్పుగా ఇచ్చేది వాళ్లే, పెళ్లికో ఆసుపత్రికో అవసరమైతే అడ్వాన్స్ ఇచ్చేదీ వాళ్లే. సమస్య ఏంటంటే దారం, అప్పు, డిజైన్, కొనుగోలు నాలుగూ ఒక్క మనిషి చేతిలో ఉన్నప్పుడు అవతలి మనిషికి బేరమాడే నోరు ఉండదు. పైగా విదేశీ ఆర్డర్ల మీదే నడిచే పని, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు చూశాం, ఇలాంటి దెబ్బ తగిలితే పైనున్న వాళ్లు ఆర్డరు ఆపుకుంటారు, రేటు తగ్గేది మాత్రం అరుగు మీద కూర్చున్నామెకే. అందుకే శిక్షణ తరగతులు, ఎగ్జిబిషన్ స్టాళ్ల కంటే ముందు సహకార సంఘాల దగ్గర దారం బ్యాంకు పెట్టాలంటాను. దారం తనదైతే పీసు తనది, పీసు తనదైతే ఇద్దరు ముగ్గుర్ని రేటు అడగొచ్చు.

రేటు సంగతి కూడా తేల్చాలి. 2025 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చిన వేజ్ కోడ్ అనే కూలి చట్టం ప్రకారం ముక్కల లెక్కన చేసే పనికీ కనీస కూలి నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉంది. కార్మికుల సామాజిక భద్రత కోసం చేసిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో ఇంటి దగ్గర పనిచేసే కార్మికులు అన్న మాట స్పష్టంగా ఉంది. అంటే చేయాలనుకుంటే అడ్డం లేదు. నర్సాపురం దగ్గర లేస్ పార్క్ ఉండనే ఉంది. అక్కడ బాగా చెయ్యి తిరిగిన వాళ్లని, మామూలుగా అల్లేవాళ్లని, అతుకుపని వాళ్లని కూర్చోబెట్టి, లేబర్ ఆఫీసర్లు, ఎగుమతిదార్లు, ఏజెంట్లు అందరి ముందు గడియారం పెట్టి, ఏ డిజైన్ ఎంతసేపు పడుతుందో రాసి, దాన్నిబట్టి ముక్కకి రేటు కట్టి, ఆ పట్టికని 19 మండలాల్లోనూ ప్రతి సచివాలయం గోడ మీద అంటించాలి.