ఒక్క రికార్డింగుతో రాష్ట్రమంతా పాఠం చెప్పేయొచ్చా?

ఈ నెలలో మూడు గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరిగింది. సారాంశం ఇది: "ఒక మంచి టీచర్ చేత ప్రతి పాఠం స్క్రీన్ మీద రాస్తూ, మాట్లాడుతూ రికార్డు చేయించండి. ప్రతి బడిలో టీవీ పెట్టి వేయండి. అర్థం కాని పిల్లలు వెనక్కి తిప్పి చూసుకుంటారు. ఉచిత వీడియో పాఠాల వెబ్‌సైట్ ఖాన్ అకాడమీ నిరూపించింది, కరోనాలోనూ చూశాం. ఒక్కసారి ఖర్చు పెడితే ఎన్నేళ్లయినా వాడుకోవచ్చు. ఇంకా ఊరికో టీచర్ ఎందుకు?" నాకు పంపినవాళ్లలో మా చిన్నాన్న కూడా ఉన్నారు. నేను ప్రాథమిక బడిలో పాఠాలు చెప్తాను, ఆ రకం వీడియోలు నేనూ చేస్తాను. వీడియోలంటే గిట్టక రాస్తున్నానని మాత్రం అనుకోవద్దు.

"మంచి టీచర్ పాఠం అందరికీ ఒకేలా అందుతుంది." అందుతుంది, సరే. పిల్లలు అందుకున్నదేంటో ఎవరు చూస్తారు? 52లోంచి 27 తీసేయడం మీద నేను చేసిన వీడియో నాలుగు నిమిషాలు కూడా ఉండదు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి పక్కనుంచి ఒక పది అప్పు తెచ్చుకోవడం అందులో ఎర్రరంగుతో గీసి చూపించాను. మూడో తరగతి వాళ్లు కదలకుండా చూశారు. "అర్థమైందా?" అంటే "అయింది మేడమ్!" అని ఒకటే అరుపు. పలకలు తిప్పమంటే ఒక పాప పలక మీద 35 ఉంది. లెక్క తప్పుగా చేసిందనుకుంటాం కానీ, ఆ పాప తన పద్ధతి ప్రకారం సరిగ్గానే చేసింది: 7లోంచి 2 తీస్తే 5, 5లోంచి 2 తీస్తే 3. పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలని ఎప్పుడో పట్టుకుంది, దాన్నే నమ్ముకుంది. వీడియో నూరుసార్లు వేసినా ఆ నమ్మకం కదలదు, ఎందుకంటే దానికి ఆ పలక కనబడదు.

చీపురు పుల్లలు తీశాం. పదేసి పుల్లల కట్టలు ఐదు, విడిగా రెండు. "ఏడు పుల్లలివ్వు" అన్నాను. చేతిలో ఉన్న రెండూ ఇచ్చి నా మొహం చూసింది. కాసేపాగి తనే ఒక కట్ట రబ్బరుబ్యాండు లాగేసింది. ఆ తర్వాత మళ్లీ అదే వీడియో చూపిస్తే, అప్పు తెచ్చే చోటికి రాగానే "కట్ట విప్పుతున్నారు!" అంది. వీడియో అప్పుడు పనికొచ్చింది.

"వెనక్కి తిప్పి చూసుకుంటారు." ఎవరు తిప్పుతారు? టీవీ ఒకటి, పిల్లలు ముప్పై మంది, రిమోట్ టీచర్ టేబుల్ సొరుగులో. అదీగాక తనకు ఎక్కడ అర్థం కాలేదో తెలిసినవాడే కదా వెనక్కి తిప్పుకునేది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు అదే తెలియదు. 35 రాసిన పాపకు తిప్పి చూడాల్సినంత అవసరమేం కనిపించింది?

ఇక ఖాన్ అకాడమీ. దాన్ని పెట్టిన సల్మాన్ ఖాన్ (సినిమా ఆయన కాదు) 2004లో వేరే ఊళ్లో ఉన్న చుట్టాలమ్మాయి నదియాకు ఫోన్లో లెక్కలు చెప్పడంతో ఈ కథ మొదలైంది. యూట్యూబ్ వీడియోలు వచ్చింది 2006లో. అంటే ముందు రెండేళ్లు ఆయన ఎదురుగా లేకపోయినా నేరుగా మాట్లాడుతూ చెప్పారు, నదియా, తర్వాత చేరిన చుట్టాల పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో విన్నారు. వీడియోలొచ్చాక ఆ పిల్లలకు ఆయన కంటే ఆయన వీడియోలే నచ్చాయట, అదీ ఒప్పుకోవాలి. కాకపోతే నదియాకు 2004లోనే పన్నెండేళ్లు. చదవడం వచ్చు. అక్షరాలు కూడబలుక్కునే రెండో తరగతి పిల్లాడికి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది?

"కరోనాలో చూశాం." చూశాం, అదే చెప్తున్నా. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న టీవీ పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఒకటి, రెండు తరగతులను వదిలి మూడో తరగతి నుంచే మొదలుపెట్టారు. గ్రామీణ భారతంలో రెండో తరగతి వాచకం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం, బడులు తెరిచాక 2022లో 20.5 శాతం అని ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే చెప్పింది. తప్పంతా వీడియోలదని అనను, చాలా ఇళ్లకు అవి చేరనేలేదు. కానీ దీన్ని విజయంగా చెప్పుకోవడం ఏ ధైర్యంతో?

అసలు ఈ ఆశ కూడా కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగం పేరుతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు పంపారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. టీవీ వచ్చిందని ఊరి బడికి టీచర్ అక్కర్లేకుండా పోలేదు.

నేను వీడియో ఎప్పుడు వేస్తానంటే, ఒకే గదిలో రెండు తరగతులు కూర్చున్నప్పుడు. మూడో తరగతి వాళ్లు నాలుగు నిమిషాలు అది చూస్తుంటే, ఒకటో తరగతి వాళ్ల చేయి పట్టి 'అ' దిద్దిస్తాను. అయిపోగానే ఆపేసి పలకలు తిప్పమంటాను. పదిహేను నిమిషాల వీడియో వేస్తే వెనక బెంచీలో గోళీలాట మొదలవుతుంది.

"ఒక్కసారి ఖర్చు" అనేదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా కొత్త పుస్తకాలు వచ్చాయి. నేను పాత పుస్తకం మీద చేసిన రికార్డింగులు చాలావరకు ఫోన్లోంచి తీసేశాను. తీసివేతల వీడియో ఒకటి మిగిలింది. అది కూడా మూడోసారి చేసింది. మొదటిదాంట్లో నా 7 అచ్చం 1లా ఉందని పిల్లలే చెప్పారు.