తాళం విండోస్‌ది కాదు, ఫాంటుది

పోయిన అక్టోబరు నుంచి మా నెట్, జిరాక్స్, శుభలేఖల షాపులో ఇదే గొడవ. సిస్టమ్ ఆన్ చేస్తే చాలు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు అయిపోయిందని నోటీసు. పనిలో పనిగా కొత్త కంప్యూటర్ కొనుక్కోమని సలహా. నా సిస్టమ్‌కేం రోగం? 2016లో కొన్నాను. ఆరో తరం ఐ3 ప్రాసెసర్. మధ్యలో ర్యామ్ 8 జీబీ చేయించాను, ఎస్ఎస్‌డీ వేయించాను. పదేళ్లుగా పిడుగురాళ్ల సున్నం దుమ్ము మింగుతూ కూడా రోజుకి పన్నెండు గంటలు నడుస్తోంది. కానీ విండోస్ 11కి ఎనిమిదో తరమో ఆ పైదో కావాలట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలట. పాలిచ్చే గేదెని వయసైందని సంతకి తోలేయమన్నట్టుంది.

మా సిస్టమ్స్ చూసే కుర్రాడొచ్చాడు. "అక్కా, టెన్షన్ పడకు. ఆ చెకింగులేవీ అడక్కుండా పెన్‌డ్రైవ్ చేసి 11 ఎక్కించేస్తా. ఐదొందలివ్వు చాలు."

"లైసెన్స్ ఉంటుందా?" అన్నాను.

వాడు నవ్విన నవ్వు చూసి ఈ పోస్టు రాయాలనిపించింది.

యూట్యూబులో "విండోస్ మంచిదా, లినక్స్ మంచిదా" అంటూ తెలుగులో బోలెడు వీడియోలున్నాయి (లినక్స్ కూడా విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపించే ఓఎస్సే). అన్నింటిలోనూ మొదటి పాయింటు ఒకటే: విండోస్‌కి డబ్బులివ్వాలి, లినక్స్‌కి ఇవ్వక్కర్లేదు. ఎవరిస్తున్నారండీ డబ్బులు? విండోస్ 11 హోమ్ ధర అమెరికాలో 139 డాలర్లు. మన దగ్గరా పది వేలకి అటూ ఇటూ. మా బజారులో ఏ నెట్ సెంటర్‌కైనా, ఏ జిరాక్స్ షాపుకైనా వెళ్లి బిల్లు చూపించమనండి. ల్యాప్‌టాప్‌తో వచ్చినవి తప్ప తక్కినవన్నీ క్రాక్‌లే. నేనేమీ పతివ్రతని కాదు, పదేళ్లు అదే వాడాను. కాబట్టి మన ఊళ్లలో పోటీ లినక్స్‌కీ విండోస్‌కీ మధ్య కాదు, లినక్స్‌కీ దొంగ విండోస్‌కీ మధ్య. ఉచితంతో ఉచితం పోటీ పడుతుంటే ధర గురించి మాట్లాడటం దేనికి?

దొంగ విండోస్ ఖరీదెంతో నాకు 2024 మాఘమాసంలో తెలిసింది. పెళ్లిళ్ల సీజను. ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో నాలుగక్షరాలు వచ్చి చేరాయి. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ డాలర్లు కట్టమని ఇంగ్లీషులో ఒక చీటీ. ముందురోజు సాయంత్రం ఏదో సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ దింపాం, దాని వెంటే వచ్చింది రాన్సమ్‌వేర్. ఏడొందల శుభలేఖల ఫైళ్లు పోయాయి. అదే వారం పెళ్లి పెట్టుకున్న వాళ్లకి కార్డులు రాత్రంతా కూర్చుని మళ్లీ కొట్టిచ్చాను. ఒకాయనకి ముహూర్తం వృషభ లగ్నం బదులు వృశ్చిక లగ్నం పడింది. ఆయనతో తిన్న తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ వేసవిలోనే షాపులో ముందువైపున్న సిస్టమ్‌లో లినక్స్ మింట్ అనే రకం లినక్స్ వేయించాను. వేయించింది మా తమ్ముడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సర్వర్లు చూస్తాడు. పొద్దస్తమానం లినక్స్ గొప్పదంటాడు, తను వాడేది మాత్రం మ్యాక్‌బుక్. అదేంట్రా అంటే "దాని లోపలా యూనిక్సేనక్కా" అంటాడు. పెళ్లిలో మంత్రాల్లాగా, మనకి అర్థం కాకూడదనే చెప్తాడేమో.

"ఫ్రీ అంటే ఉచితం కాదు, స్వేచ్ఛ" అని కూడా చెప్తుంటాడు. ఇంగ్లీషులో ఆ రెండింటికీ ఒకటే మాట కావడంతో వచ్చిన తిప్పలివి. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. అప్పుడు మొదలైన ఈ వివరణ ఇప్పటికీ అవలేదు. తెలుగులో ఆ బాధే లేదు. అందుకే హైదరాబాదులో తెలుగు ఓఎస్ కోసం పనిచేసిన వాళ్లు తమ సంస్థకి స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నారు. కానీ మనవాళ్లకి ఉచితం అంటే రెండే అర్థాలు: నాసిరకమైనా అయ్యుండాలి, ఎన్నికలైనా దగ్గరపడి ఉండాలి.

సరే, ముందు సిస్టమ్ సంగతి. హాల్‌టికెట్లు, ఫీజులు, ఎంసెట్ అప్లికేషన్లు (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి), కరెంటు బిల్లులు, అన్నీ బ్రౌజర్‌లోనే కదా. కింద ఎడమ మూల మెనూ, పక్కన క్రోమ్ గుర్తు. మా షాపులో పనిచేసే అమ్మాయికి ఒక పూట పట్టింది, అంతే. వచ్చే కస్టమర్లలో ఒక్కడు కూడా "ఇదేంటి, విండోస్ కాదా" అని అడగలేదు. ఇప్పుడున్న మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లున్నాయి. అవి కూడా నన్నడిగే వేసుకుంటుంది. హాల్‌టికెట్ ప్రింట్ కోసం పిల్లలు క్యూలో నిలబడి ఉంటే, "సిస్టమ్ ఆపొద్దు, 27 శాతం అయింది" అని మొండికెయ్యదు. అదొక్కటి చాలు, నేను దీనికి దండం పెట్టడానికి.

ఇక కష్టాలు. లినక్స్ పెద్దలు ఇవి దాచేస్తారు. నేను దాచను.

ప్రింటర్ మూడు రాత్రులు ఏడిపించింది. ప్రతి జిరాక్స్ షాపులోనూ కనిపించే చిన్న లేజర్ ప్రింటరే. కంపెనీ పేరెందుకులెండి. తమ్ముడు ఫోన్లో చెప్పడం, నేను నల్ల స్క్రీన్లో ఇంగ్లీషు కమాండ్లు కొట్టడం. మొదటి పేజీ వస్తుంది, రెండో పేజీకి మూగబోతుంది. చివరికి వాడే "అక్కా, ప్రింటర్ మార్చెయ్" అన్నాడు. సెకండ్‌హ్యాండ్‌లో ఇంకొకటి కొన్నాను, ప్లగ్ పెట్టగానే పనిచేసింది. కాబట్టి నా లెక్కల పుస్తకంలో ఇలా ఉంటుంది: లినక్స్ ఉచితం, ప్రింటర్ 6,500. తప్పు లినక్స్‌ది కాదు, డ్రైవర్ సరిగ్గా ఇవ్వని ప్రింటర్ వాళ్లది. నిజమే. అయితే డబ్బు పోయింది ఎవరి జేబులోంచి?

వేలిముద్ర మెషీన్ అసలే పనిచేయలేదు. దాని సాఫ్ట్‌వేర్ విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ మాత్రమే ఇచ్చారు. ఒక పాత ఫోనుకి తగిలించి నెట్టుకొస్తున్నాను. పక్క ఎరువుల షాపాయన లెక్కలు రాసుకునే ట్యాలీ గురించి అడిగితే, "నువ్వు విండోస్‌లోనే ఉండు బాబాయ్, కాకపోతే కొనుక్కుని ఉండు" అన్నాను.

ఇంతకీ కొనుక్కుంటే నిశ్చింతగా ఉండొచ్చా అంటే, దానికీ తమ్ముడి దగ్గర కథ ఉంది. 2025 జులైలో నయారా ఎనర్జీకి జరిగింది పంపాడు. గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ వాళ్లది, రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కి అందులో పెద్ద వాటా. యూరప్ ఆంక్షలు పెట్టగానే మైక్రోసాఫ్ట్ వాళ్లకి సర్వీసులు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకెక్కాక మళ్లీ తెరిచారు. లైసెన్సులకి పూర్తిగా డబ్బు కట్టాం అని మొత్తుకున్న కంపెనీ గతే అదైతే మనమెంత? కానీ నేనూ ఊరుకోలేదు. "మరి సెంట్‌ఓఎస్ మాటేంటి?" అన్నాను (ఆ ముక్క ఎప్పుడో వాడే చెప్పాడు, నేను గుర్తుపెట్టుకున్నాను). అదీ ఉచిత లినక్సే. సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయనుకుని జనం సర్వర్లలో వేసుకున్నారు. 2020 డిసెంబరులో, 2021 ఆఖరుకే ఆపేస్తున్నామన్నారు. ఉచితంగా ఇచ్చినవాడు మాట తప్పితే ఏ కోర్టుకి పోతాం? వాడు తల గోక్కుని, "కానీ కోడ్ అందరి దగ్గరా ఉంది కదా, అందుకే రాకీ లినక్స్, అల్మాలినక్స్ పుట్టాయి, జనం అటు మారిపోయారు" అన్నాడు. ఈ ఒక్క వాదనకి నా దగ్గర జవాబు లేదు. విండోస్ 10ని మైక్రోసాఫ్ట్ వదిలేస్తే ఇంకెవరూ ఎత్తుకుని పెంచలేరు. పెంచడానికి కోడ్ ఎవరి చేతిలోనూ లేదు.

ఇదంతా విని ఇంకేం, వెనక సిస్టమ్‌లో కూడా మింట్ వేసెయ్ అనుకున్నాను. అక్కడే పడింది అసలు బండ.

వెనక సిస్టమ్ డీటీపీది, అంటే శుభలేఖలు, పుస్తకాలు కొట్టేది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, పాత తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, వచ్చింది 2001లో. ఇప్పటికీ దాంతోనే బతుకుతున్న షాపులెన్నో ఉన్నాయి. ఆ కాలపు ఫాంట్లలో "క" అనేది కంప్యూటర్ దృష్టిలో "క" కాదు. ఏదో ఇంగ్లీషు అక్షరమో, డాలరు గుర్తో. దాని బొమ్మ చెరిపేసి ఆ స్థానంలో తెలుగు ముక్క గీశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ముక్కలన్నీ అతికించుకుంటూ మనం టైపు చేస్తాం, పేజీ మీద ముత్యాల్లాంటి తెలుగు కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు మిగులుతాయి. చేసినవాళ్లని తప్పు పట్టను. ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చినా, విండోస్‌లోకి గౌతమి ఫాంటుతో అది వచ్చేసరికి ఎక్స్‌పీ రోజులయ్యాయి. అప్పటిదాకా పేపర్లు, పుస్తకాలు, కరపత్రాలు ఆగవుగా. నా కోపం ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్లు అక్కడే కూర్చున్న మన మీద, నాతో కలిపి.

మా మాస్టారు రిటైరయ్యాక ఒక శతకం రాశారు, 108 కంద పద్యాలు. 2011లో నేనే కొట్టాను, రెండొందల కాపీలు వేయించుకున్నారు. పోయిన సంక్రాంతికి వచ్చి, "అమ్మాయ్, డల్లాస్‌లో మనవడు ఫోన్లో చదువుకుంటాడట, ఆ ఫైలు వాడికి పంపించు" అన్నారు. రాన్సమ్‌వేర్‌కి దొరక్కుండా పెన్‌డ్రైవ్‌లో మిగిలిన వాటిలో అదొకటి. అందులో అక్షరాలు కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టాను. ఫోన్ చూసుకుని ఆయన అడిగిన మాట ఇదీ: "ఇవి నా పద్యాలేనా తల్లీ? ఏ భాషలో ఉన్నాయి?"

ఆ ఫైలు తెరవాలంటే పేజ్‌మేకర్ ఉండాలి, దానికి విండోస్ ఉండాలి, ఆ పాత ఫాంటు ఉండాలి, ఆ ఫాంటు కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఉండాలి. విండోస్ సాఫ్ట్‌వేర్‌ని లినక్స్‌లో నడిపించే వైన్‌ని మింట్‌లో పెట్టి ప్రయత్నించాను, పేజ్‌మేకర్ తెరుచుకుంది గానీ సగం ఒత్తులు గాల్లో తేలాయి. నాకప్పుడర్థమైంది. ఇన్నేళ్లూ నన్ను విండోస్‌కి కట్టేసింది విండోస్ కానే కాదు. ఒక మనిషి రాసిన పద్యం తెలుగులో కాకుండా ఒక ఫాంటులో దాచాం. ఓఎస్‌లు మార్చి ఏం లాభం?

కేరళ బడుల్లో పిల్లలకి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు చెప్తున్నారు, 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పుణ్యమది. మనకి చెయ్యి పట్టుకుని చూపించేవాళ్లు లేరు, అంతే తప్ప సరుకు లేక కాదు. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్, ఇన్ని యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. ఎవరైనా దించుకోవచ్చు. పేజ్‌మేకర్ లాగా పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది, ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి. పేజ్‌మేకర్ చేతి అలవాటు పోవడానికి నాకు రెండు నెలలు పట్టింది, ఇప్పటికీ పెళ్లి సీజన్లో తిట్టుకుంటాను. ఫ్లెక్స్ వాళ్లు తాము డిజైన్లకి వాడే కోరెల్ ఫైలే కావాలంటారు. వాళ్లతో గొడవెందుకని పీడీఎఫ్ చేసి పంపుతున్నాను. కొత్తగా వచ్చే ప్రతి పనీ యూనికోడ్‌లోనే చేస్తున్నాను. వెనక సిస్టమ్‌కి నెట్ వైరు పీకేసి, పాత ఫైళ్లు చూడటానికి మాత్రం అలా ఉంచాను. క్రాక్ కుర్రాడికి ఐదొందలు ఇవ్వలేదు. టీ తాగించి పంపాను.

మాస్టారి శతకాన్ని పాత ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు తెలుగులోకి వచ్చింది, అరసున్నలు కొన్ని మాయం, ఒత్తులు అక్కడక్కడా ఎగిరిపోయాయి. రోజూ సాయంత్రం ఆరింటికి ఆయన వస్తున్నారు. పుస్తకం తెరవరు. కళ్లు మూసుకుని, నేను స్క్రీన్ మీది పద్యం చదువుతుంటే వింటారు. ఒత్తు ఎగిరిన చోట దాని ముందు అక్షరం గురువు కాస్తా లఘువైపోతుంది, వెంటనే చెయ్యెత్తుతారు. "ఆగమ్మా, గణం తప్పింది." చూస్తే అక్కడ ఒత్తు ఉండదు. ఇదే ముక్క తమ్ముడికి చెప్తే, "అక్కా, ఫైలు చెడిందో లేదో పట్టిచ్చే లెక్క మాకూ ఉంది, దాన్నే మేం చెక్‌సమ్ అంటాం" అన్నాడు. నిన్న కరెంటు పోయే సరికి అరవై రెండు పద్యాలు అయ్యాయి.