బార్డ్‌కి దెబ్బ కొట్టే మంత్రాలే ముఖ్యమా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆటలో కొత్తగా బార్డ్ (మంత్రాలు వేసే గాయకుడి పాత్ర) తీసుకునేవాళ్లు ముందు దెబ్బ కొట్టే మంత్రాలే ఎంచుకోవాలని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. 2014 నియమాల ప్రకారం మొదటి లెవెల్‌లో చేతికొచ్చేవి 4 మంత్రాలు, 2 క్యాంట్రిప్‌లు (ఎన్నిసార్లైనా వేయగల చిన్న మంత్రాలు), అంతే. అందులో హీలింగ్ వర్డ్ అనే గాయం మాన్పే మంత్రం ఉండి తీరాలి. కుప్పకూలిన మిత్రుణ్ణి 60 అడుగుల దూరం నుంచే, బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో అసలు పనికి తోడు చేసుకోగల ఒక చిన్న పని) లేపేస్తుంది. అదే టర్న్‌లో విషస్ మాకరీ అనే క్యాంట్రిప్ కూడా వేయొచ్చు. దాని దెబ్బ 1డీ4 (నాలుగు ముఖాల పాచిక ఒకటి) మాత్రమే, నిజమే. కానీ సేవింగ్ త్రో (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పిన శత్రువు, తన తర్వాతి టర్న్ ముగిసేలోపు చేసే మొదటి దాడికి రెండు పాచికలు వేసి తక్కువదే తీసుకోవాలి. అప్పుడే లేచిన మనిషి ప్రాణం చాలాసార్లు అక్కడే నిలబడుతుంది! మిత్రుడి పాచికకు బలమిచ్చే బార్డ్ ఇన్‌స్పిరేషన్‌కీ బోనస్ యాక్షనే కావాలి కాబట్టి ఆ టర్న్‌లో అది కుదరదు, గుర్తుంచుకోండి.

ఇంకో మాట. కాన్సంట్రేషన్ మంత్రం (ధ్యాస పెట్టి నిలుపుకోవాల్సినది) ఒకసారికి ఒక్కటే నడుస్తుంది. ఫేరీ ఫైర్ లాంటి ఒకటి తీసుకున్నాక మిగతావన్నీ అలాంటివే నింపుకోకండి. మొదట్లో నచ్చనిది పడితే టెన్షన్ అక్కర్లేదు, లెవెల్ పెరిగినప్పుడల్లా ఒక మంత్రం మార్చుకోవచ్చు.