ప్రత్యర్థి కథ చెప్పిన గబ్బిలం

రోల్‌ప్లేయింగ్ గేముల్లో, అంటే మనమే ఒక పాత్రగా మారి కథను నడిపే వీడియో గేముల్లో, ప్రత్యర్థి పాత్ర గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ మాట అతని పొగరు మీదికో, అతని విషాద గతం మీదికో మళ్లుతుంది. ఎంత గట్టిగా అవమానిస్తే అంత గొప్ప ప్రత్యర్థి అని కొందరు, ఎంత లోతైన గాయం ఉంటే అంత గొప్ప ప్రత్యర్థి అని మరికొందరు వాదిస్తారు. ఇవి పాత్రకు వేసే రంగులు మాత్రమే. ఆటలో మనల్ని కట్టిపడేసే నిబంధనలే అతన్నీ కట్టిపడేయాలి. మనం నడిచే దారినే, మన కంట పడకుండా, అతనూ నడుస్తూ ఉండాలి. ఆ నడక అతన్ని ఎలా మార్చిందో అతని జట్టును చూసి మనం చదువుకోగలగాలి. ఈ మూడూ కుదిరిన చోటే ప్రత్యర్థి మనసులో నిలిచిపోతాడు. పోకెమాన్ ఆటలు ఈ విద్యను తొలి రోజుల్లోనే సాధించి, తరువాత తామే చేజేతులా వదులుకున్నాయని నా దృఢమైన అభిప్రాయం.

ముందుగా విలన్‌నూ ప్రత్యర్థినీ వేరు చేసి చూడాలి. 1997లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 7'లోని సెఫిరోత్‌ను గొప్ప ప్రత్యర్థుల జాబితాలో చేర్చేవారు చాలామంది ఉన్నారు. ఆ ఆటలో ఒక గతస్మృతి ఘట్టంలో అతను మన పక్షాన పోరాడతాడు. మన పాత్ర ఒకటో లెవెల్‌లో తడబడుతూ ఉంటే అతను యాభయ్యో లెవెల్‌లో ఉంటాడు, శత్రువుల దెబ్బలు అతన్ని ఏమీ చేయలేవు. నిబంధనలకు అతీతుడైన ఇలాంటి వాణ్ణి చూసి భయపడతాం, వెంటాడతాం, కానీ పోల్చుకోలేం. రెండేళ్ల తరువాత వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 8'లో సైఫర్ స్థానం వేరు. కథానాయకుడు స్క్వాల్ చదివే శిక్షణాలయంలోనే అతనూ చదువుతాడు, అదే రకం ఆయుధం పట్టుకుంటాడు, ఒకరి కత్తి గాటు మరొకరి ముఖం మీద మిగిలిపోతుంది. సెఫిరోత్ అంత శక్తి లేకపోయినా ప్రత్యర్థి అన్న మాటకు తగినవాడు సైఫరే.

ఇక పోకెమాన్. వింత జీవులను పట్టి, పెంచి, వాటి జట్టుతో పోరాడే ఆట ఇది. ఆ జీవుల పేరూ పోకెమానే. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైన తొలి ఆటలు ఒక విచిత్రమైన ప్రశ్నతో మొదలవుతాయి. ప్రొఫెసర్ ఓక్ తన మనవణ్ణి చూపించి, చిన్నప్పటి నుంచీ నీకు పోటీ ఇతనేనని చెప్పి, ఇంతకీ వీడి పేరేమిటి అని మనల్నే అడుగుతాడు. సొంత తాతకే గుర్తులేని ఆ పేరును మనం పెట్టాలి. బడిలో పక్క బెంచీ కుర్రవాడి పేరో, మేనత్త కొడుకు పేరో అక్కడ రాయని పిల్లలు ఎందరుంటారు? టీవీ కార్టూన్ ద్వారా మాత్రమే పోకెమాన్ తెలిసిన తెలుగు పాఠకులు ఇతని స్థానంలో గ్యారీని ఊహించుకోవచ్చు. మనం మొదటి పోకెమాన్‌ను ఎంచుకున్న మరుక్షణం అతను దాన్ని ఓడించగల టైప్‌ను, అంటే నిప్పుకు నీరు లాంటి రకాన్ని, ఎంచుకుంటాడు. అక్కడి నుంచి ప్రతి మజిలీలోనూ ఒక అడుగు ముందే ఉంటాడు. ఆఖరి అంచెలో ఎదురయ్యే 'ఎలీట్ ఫోర్' అనే మేటి ఆటగాళ్లు నలుగురినీ ఓడించి, ఇక ఛాంపియన్ మనమేనని తలుపు దాటి లోపలికి వెళితే ఆ సింహాసనం మీద అప్పటికే అతను ఉంటాడు. మనం చెమటోడ్చి దాటిన ఎనిమిది జిమ్‌లనూ (దారిలో గెలవాల్సిన పోటీ కేంద్రాలనూ), ఆ నలుగురినీ అతనూ ఓడించాడన్న సంగతి ఆ క్షణంలో ఒంట్లోకి దిగుతుంది. అతని ప్రయాణంలో ఒక్క దృశ్యాన్నీ ఆట మనకు చూపించలేదు, చూపించాల్సిన అవసరమూ రాలేదు.

అయితే నా వాదానికి అసలైన బలం 1999 నవంబరులో జపాన్‌లో వచ్చిన 'గోల్డ్', 'సిల్వర్' ఆటల్లో ఉంది. అక్కడి ఎర్ర జుట్టు కుర్రవాడు మొదట కనిపించేది ప్రొఫెసర్ ఎల్మ్ ప్రయోగశాల కిటికీలోంచి తొంగిచూస్తూ. ఆ తరువాత అక్కడి నుంచే ఒక పోకెమాన్‌ను దొంగిలిస్తాడు. అదీ మన పోకెమాన్‌ను ఓడించగలిగినదే. అతని దృష్టిలో బలహీనమైన పోకెమాన్‌లకు విలువ లేదు, ఓడిపోయిన ప్రతిసారీ తప్పును వాటి మీదికి తోసేస్తాడు. మధ్యలో ఛాంపియన్ లాన్స్ చేతిలో చిత్తుగా ఓడి, నీకు నీ పోకెమాన్‌ల మీద ప్రేమా నమ్మకమూ లేవని లాన్స్ తనతో అన్నాడని మన దగ్గర అక్కసు వెళ్లగక్కుతాడు. ఇంతవరకూ చూస్తే నీతికథల్లో ఎన్నోసార్లు చదివిన పాత్రే.

కానీ అతని జట్టులో ఒక గబ్బిలం ఉంది. మొదట అది జూబాట్, కొంత కాలానికి రూపం మారి గోల్బాట్. ఎలీట్ ఫోర్‌కు ముందు వచ్చే విక్టరీ రోడ్ గుహలో ఎదురైనప్పుడు కూడా అది గోల్బాటే. ఆట ముగిశాక అతనితో చేసే చివరి పోరాటాలకు వచ్చేసరికి మాత్రం అది నాలుగు రెక్కల క్రోబాట్ అయి ఉంటుంది. గోల్బాట్ క్రోబాట్‌గా మారటానికి ఫలానా లెవెల్ చేరాలన్న నియమం లేదు, రూపం మార్చే ఏ రాయీ అక్కర్లేదు. తనను పెంచే ట్రైనర్ మీద దానికి మమకారం నిండాలి. వెంట తిప్పుకుంటే ఆ మమకారం పెరుగుతుంది, పోరులో మూర్ఛపోతే తరుగుతుంది, చౌకగా దొరుకుతాయని చేదు మూలికలు మింగిస్తే మరింత తరుగుతుంది. మన గోల్బాట్‌ను మార్చడానికి మనం పడిన పాట్లు గుర్తున్న ఎవరికైనా ఆ కుర్రవాడి క్రోబాట్‌ను చూడగానే సంగతి అర్థమవుతుంది. అతను మారాడని ఎవరూ అనలేదు. కన్నీళ్ల కట్‌సీన్ లేదు, క్షమాపణ లేదు. ఒక దొంగ తన గబ్బిలాన్ని ప్రేమగా చూసుకున్నాడని ఆట నిబంధనలే సాక్ష్యం చెప్పాయి. ప్రత్యర్థుల జట్లను రూపకర్తలే కూర్చి పెడతారు, అక్కడ నిజంగా ఏ లెక్కా జరగదు అనే అభ్యంతరం నాకు తెలుసు. రూపకర్తలు ఏరికోరి కూర్చారు కాబట్టే అది రచన అయింది. సినిమాకూ నవలకూ చేతకాని పని, ఆటకు మాత్రమే సాధ్యమైన పని, ఆ చిన్న రంగు తెర మీద జరిగింది. 2009లో వచ్చిన పునర్నిర్మాణంలో ఈ కుర్రవాణ్ణి నేర ముఠా నాయకుడు జొవాన్నీ కొడుకుగా బయటపెట్టారు. ఆ రక్తసంబంధం నాకు అనవసరమైన వివరణగానే తోచింది. తండ్రి ఎవరో తెలిస్తే అతను ఎందుకు దొంగ అయ్యాడో అర్థం కావచ్చు. ఎలా మనిషయ్యాడో చెప్పింది మాత్రం గబ్బిలమే.

2002 నాటి 'రూబీ', 'సఫైర్'లలోని వాలీ కూడా ఈ కోవలోని వాడే. ఆరోగ్యం బాగోలేని ఆ పిల్లవాడు తన మొదటి పోకెమాన్ రాల్ట్స్‌ను పట్టుకునేటప్పుడు పక్కన ఉన్నది మనమే. మావిల్ అనే ఊరిలో ఆ ఒక్కదానితోనే మన మీదికి వచ్చి ఓడిపోతాడు. విక్టరీ రోడ్‌లో మళ్లీ కనిపించేసరికి జట్టులో అయిదు ఉంటాయి, ఆ రాల్ట్స్ ఎదిగి గార్డెవాయర్ అయి ఉంటుంది.

తరువాతి తరం ఆటలు ఈ దారి వదిలేశాయి. 2016 నాటి ఆటల్లో హౌ, 2019లో హాప్, 2022లో నెమోనా, ఈ ప్రత్యర్థులు ముగ్గురూ మన పోకెమాన్‌కు ఓడిపోయే టైప్‌నే ఎంచుకుంటారు. ఇవి పిల్లల ఆటలు కాబట్టి స్నేహశీలుడైన ప్రత్యర్థే మేలని, వెక్కిరింపులు భరిస్తూ ఆడాల్సిన అవసరం ఏ పిల్లవాడికీ లేదని అనేవారున్నారు. వెక్కిరింపు పోతే పోనివ్వండి, నాకు బెంగ లేదు. వాలీ ఎన్నడూ ఎవరినీ వెక్కిరించలేదు. నా బాధ ఓటమిని ముందే ఖాయం చేయడం గురించి. నెమోనా ఆట మొదలయ్యేసరికే ఛాంపియన్ ర్యాంకులో ఉండి, మనతో సమంగా ఆడటానికి కొత్త జట్టును పెంచుకుంటుంది. ఆమె ఉత్సాహం ముచ్చటగానే ఉంటుంది. కానీ మన చేతిలో ఓడితే ఆమె పోగొట్టుకునేది ఏమీ లేదు. పిల్లవాణ్ణి గెలిపించడానికి పెద్దవాళ్లు కావాలని ఓడిపోతే పిల్లవాడు ఇట్టే పసిగట్టేస్తాడు.

హాప్ విషయంలో మాత్రం నేను కొంత తగ్గుతాను, ఎందుకంటే అతని కథ మన ఇళ్లలోని కథ. అన్న లియాన్ ఛాంపియన్. అన్న పరువు తీస్తున్నావని మరో పోటీదారు బీడ్ అనేసరికి హాప్ కుప్పకూలిపోతాడు. ఆ తరువాత ఎదురైన ప్రతిసారీ అతని జట్టు మారిపోతూ ఉంటుంది. మొదటి నుంచీ తోడున్న గొర్రె వూలూను కూడా పక్కన పెట్టేస్తాడు. అది డబ్‌వూల్‌గా ఎదిగి మళ్లీ జట్టులోకి వచ్చినప్పుడు అతను కోలుకున్నాడని తెలుస్తుంది. చివరికి ఛాంపియన్ కావాలన్న కోరికను వదిలి పరిశోధన వైపు వెళతాడు. అన్నయ్య ర్యాంకు నీడలో పెరిగే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వీధికి ఒకరుంటారు. మనం వాళ్లకు ఇచ్చిన పోటీలో ఎదుటివాడికి ముఖం లేదు. జేఈఈ మెయిన్ పది లక్షల మందికి పైగా రాసే పరీక్ష. ఫలితాల రోజున పత్రికల మొదటి పేజీలో పాస్‌పోర్టు ఫొటోల కింద అంకెలు అచ్చవుతాయి. తనకంటే నలభై వేల ర్యాంకులు ముందున్న వాడు ఏం చదివాడో, ఎక్కడ తడబడ్డాడో, ఎవరి మాటతో కుంగిపోయాడో ఏ పిల్లవాడికీ తెలిసే వీలు లేదు. అలాంటి పోటీలో ఓడినవాడు పోల్చుకోవడానికి మనిషి దొరకక అంకెతో పోల్చుకుంటాడు. పేరు పెట్టి పిలవగల ప్రత్యర్థి ఒకడుంటే పోటీ ఎంత వేరుగా ఉంటుందో 1996 నాటి ఆ పిల్లల ఆటకు తెలుసు. పేరు మనచేతే పెట్టించింది కాబట్టి.

పోకెమాన్ రూపకర్తలను నేను కోరేది పాత పొగరును తిరిగి తెమ్మని కాదు. బలమైన పోకెమాన్‌ను ప్రత్యర్థి చేతికి ఇవ్వండి. మనం లేనప్పుడు అతనికి ఒక బతుకు ఇవ్వండి. 'గోల్డ్', 'సిల్వర్' ఆటల్లో వారంలో ఏ రోజో లెక్కించే గడియారం ఉండేది. కథంతా అయిపోయి, పతకాలన్నీ మన సంచిలో చేరాక, ఏ మంగళవారమో గురువారమో డ్రాగన్స్ డెన్ గుహలోకి వెళ్లి చూడండి. ఆ ఎర్ర జుట్టు కుర్రవాడు అక్కడ తన పోకెమాన్‌లతో సాధన చేసుకుంటూ ఉంటాడు.